పోదుం

వ్యాసర్‌పాడి. తెల్లవారుజాము మూడున్నర.
మూత తీసిన మ్యాన్‌హోలు పక్కన జెట్టింగ్ లారీ.
"ప్రెషర్ రావట్లేదు" అంటాడు ఆపరేటర్ అడైక్కలం,
బిడ్డ పాలు తాగట్లేదన్నట్టు.

నేను ముందు వాల్వు ముట్టుకోను.
నాజిల్ విప్పి టార్చి కింద పెడతాను.
కన్నం గుండ్రంగా లేదు, కోడిగుడ్డయింది.
అరిగింది మూతి,
నెలరోజులుగా వీళ్లు బిగిస్తున్నది మెడ.

పాత వాల్వు విప్పితే స్ప్రింగు చేతికొచ్చింది,
చుట్టలన్నీ ఒకదానిమీదొకటి కూలబడి
ఊపిరికి సందు లేకుండా.

కొత్తదాని బాణం నీళ్లు పోయే వైపు.
దారాలకి టేపు రెండు చుట్లు, మొదటి దారం వదిలి;
పీలిక లోపలికి జారిందంటే సీటు మీదే కూర్చుంటుంది,
పిలవని చుట్టంలా.
ట్యాంకుకి తిరిగెళ్లే గొట్టం మీద
ఎవరో తెలివిగా బాల్ వాల్వు బిగించారు.
పీకి పారేశాను.
వెనక్కెళ్లే దారికి తలుపుండకూడదు.

మర పూర్తిగా వదులు చేశాకే ఇంజన్.
గాలి పోయేదాకా గొట్టం దగ్గుతుంది,
తర్వాత నీళ్ల గొంతు సాఫీ అవుతుంది.
పావు చుట్టు. ఆగు. సూది చూడు.
పావు చుట్టు.

పదకొండేళ్ల కిందట, వెంకటగిరి నుంచి వచ్చిన మూడోరోజు
అంబత్తూరు షెడ్డులో ఇలాగే.
గేజి దగ్గర మేస్త్రీ మాసిలామణి, మర దగ్గర నేను.
"పోదుం" అన్నాడు.
మా అవ్వ చేనికి లేపే మాట అది,
పోదుం లే అబ్బయా, ఎండెక్కుతోంది.
సరేనని ఇంకో అర చుట్టు పోయాను.
"పోదుం! పోదుం!"
తొందరపెడుతున్నాడనుకుని ఇంకొక్క చుట్టు.

హోసు తెగి పైరేకు మీద గీసిన గీత
ఇప్పటికీ ఉంది అక్కడ.
మేస్త్రీ చూపుడువేలి మీద సూది గుచ్చినంత చుక్క.
రక్తమైనా లేదు. "ఒన్నుమిల్లె" అని నవ్వాడు.
చర్మం కింద నీళ్లు నడిచాయని మాకు తెలీదు.
సాయంత్రానికి చెయ్యి వంకాయ రంగు.
వేలు కీల్పాక్ ఆసుపత్రిలోనే ఉండిపోయింది.

నెల తర్వాత వచ్చి ఒక్క మాటా అనలేదు.
మిగిలిన వేళ్లతో సుద్దముక్క పట్టి
బెంచీ మీద తెలుగులో రాయించాడు నాచేత:
పోదుం అంటే చాలు.
రెండో పాఠం, లీకుని చేత్తో వెతక్కు, అట్టముక్కతో వెతుకు.

నూట ముప్ఫై. నూట నలభై.
లారీ వెనక ఒక పెద్దాయన నిలబడున్నాడు,
భుజాన తాడు చుట్ట.
ఇవాళ తాడుతో పనిలేదు, అయినా తెచ్చాడు.
"మాదీ నెల్లూరు పక్కేనంట, మా తాత చెప్పేవాడు" అన్నాడు.
పేరు ఇసాకు.
సూదినే చూస్తూ అడిగాడు,
"అది ఎక్కితే ఇంక దిగక్కర్లేదు కదా?"
ఎవరు దిగేవాళ్లో నేను అడగలేదు.
అడైక్కలం సిగరెట్ పక్కకి తిప్పుకున్నాడు.

నూట యాభై.
గన్ మూసి చూశాను. సూది కొంచెం ఎగిరి,
సిగ్గుపడి, సర్దుకుంది.
నీళ్లు చప్పుడు లేకుండా ట్యాంకులోకి తిరిగెళ్లాయి.
ఇంకా తిరిగే చోటుంది మరకి.
చోటుంది కదా అని తిప్పకూడదు.
లాక్‌నట్ బిగించి, మా ఆవిడ గోళ్లరంగు సీసాతో
నట్టుకీ బాడీకీ కలిపి ఎర్రగీత.
రేపెవరైనా కదిలిస్తే గీత రెండు ముక్కలవుతుంది.

హోసు కాలవలోకి దిగింది, మనిషి బదులు.
లోపలెక్కడో పెద్దగా త్రేన్పు,
నల్లనీళ్లు కదిలాయి.

ఇసాకు భుజం మీంచి తాడు దించి
లారీ తొట్టిలో వేశాడు.
చేతులు దులుపుకుని "పోదుం" అన్నాడు.

ఏ భాషలో అన్నాడో
నాకు తెలీలేదు.